పాత కారుకు ఇంట్లోనే రేకు పని: సెకండ్ హ్యాండ్ వెల్డింగ్ మిషన్ కొనేముందు చూడవలసినవి

న్యూఢిల్లీ: తలుపు కింద రేకు తుప్పుపట్టి చిల్లులు పడిన పాత కారు, చేతిలో పరిమితమైన డబ్బు, ఇంటి ముందు కాస్త ఖాళీ స్థలం. దేశ రాజధాని ప్రాంతంలో చాలామంది వాహన యజమానుల పరిస్థితి ఇదే. తెలుగు రాష్ట్రాల ఆటోనగర్‌లలో 'టింకరింగ్' అని, ఢిల్లీలో 'డెంటింగ్' అని పిలిచే ఈ పనికి షెడ్డులో అడిగే కూలి కొన్నిసార్లు కారు విలువతో పోటీపడుతుంది. అందుకే సొంతంగా నేర్చుకుని చేసుకుందామనే ఆసక్తిపరులు తక్కువ ధరకు దొరికే పాత వెల్డింగ్ మిషన్ కోసం వెతుకుతుంటారు. అయితే మిషన్ ఎంపికలో పొరపాటు జరిగితే డబ్బు వృథా కావడమే కాక రేకు కాలిపోవడం, ఇంటి వైరింగ్ దెబ్బతినడం, అగ్ని ప్రమాదం వంటి ముప్పులు పొంచి ఉంటాయి.

ముందుగా కారు వయసు చూసుకోవాలి

మిషన్ ధర అడగడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ కారును రోడ్డుపై ఇంకెంతకాలం నడపవచ్చు? జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015 సంవత్సరాలలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదు. సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో దీనిని సమర్థించింది. కాలం చెల్లిన వాహనాలకు ఢిల్లీ బంకులలో ఇంధనం పోయరాదన్న నిబంధన 2025 జులై 1న అమలులోకి వచ్చినా కొద్ది రోజులకే నిలిచిపోయింది. వయసు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు తీసుకోరాదని 2025 ఆగస్టు 12న ఆదేశించిన సుప్రీంకోర్టు, అదే ఏడాది డిసెంబరు 17న ఆ ఉత్తర్వును సవరించి బీఎస్-4, అంతకంటే మెరుగైన ప్రమాణాల వాహనాలకే ఆ రక్షణను పరిమితం చేసింది.

రాజధాని ప్రాంతంలో బీఎస్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాయి. అంతకు ముందు తయారైన కారుకు రేకు పని చేయించినా దానిని రోడ్డుపైకి తీసుకురావడం కష్టమే. అందువల్ల రిజిస్ట్రేషన్ పత్రంలో తయారీ తేదీ, ఉద్గార ప్రమాణం చూసుకున్న తర్వాతే ఖర్చు గురించి ఆలోచించడం మంచిది. కోర్టు ఆదేశాలు మారే అవకాశం ఉన్నందున తాజా స్థితిని రవాణా శాఖ వద్ద నిర్ధారించుకోవాలి.

ఏ రకం మిషన్ పనికివస్తుంది?

కారు బాడీ రేకు మందం సాధారణంగా 0.7 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉంటుంది. గేట్లు, గ్రిల్సు చేసే షాపులలో కనిపించే ఆర్క్ వెల్డింగ్ మిషన్ ఈ పనికి సరిపోదు. 2.5 మిల్లీమీటర్ల రాడ్ మండడానికి అవసరమయ్యే వేడికి పలుచని రేకు కరిగి రంధ్రం పడుతుంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో అతి చౌకగా దొరికేవి ఇవే కావడంతో కొత్తవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

పాత తరం డెంటింగ్ మేస్త్రీలు ఆక్సిజన్, ఎసిటిలీన్ గ్యాసు మంటతో రేకును అతికేవారు. నేర్పున్న చేతికి అది మంచి పద్ధతే. కానీ వేడి విస్తరించి రేకు వంకర తిరుగుతుంది. పైగా ఎసిటిలీన్ సిలిండరును ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదకరం.

ఇంటి పనికి తగినది మిగ్ వెల్డింగ్ మిషన్. ఇందులో సన్నని తీగ టార్చ్ గుండా దానంతటదే ముందుకు వస్తుంది. కరిగిన లోహానికి గాలి తగలకుండా కార్బన్ డయాక్సైడ్ గానీ, ఆర్గాన్ కలిపిన మిశ్రమ వాయువు గానీ రక్షణ కల్పిస్తుంది. బాడీ రేకుకు 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల తీగ వాడాలి. కనుక మిషన్ 30, 40 ఆంపియర్ల తక్కువ స్థాయిలోనూ నిలకడగా మండగలగాలి. గరిష్ఠ సామర్థ్యం 250 ఆంపియర్లని అమ్మేవారు గొప్పగా చెప్పినా, కనిష్ఠ స్థాయి ఎంత అన్నదే రేకు పనికి ముఖ్యం.

గ్యాసు అవసరం లేని ఫ్లక్స్ కోర్ తీగతోనూ కొన్ని మిగ్ మిషన్లు పనిచేస్తాయి. సిలిండరు ఖర్చు తప్పుతుంది గానీ నిప్పురవ్వలు ఎక్కువ, వేడి ఎక్కువ, పలుచని రేకుపై పట్టు తక్కువ. ఈ తీగ వాడేటప్పుడు టార్చ్‌ను సాధారణంగా నెగటివ్ టెర్మినల్‌కు, గ్యాసుతో మామూలు తీగ వాడేటప్పుడు పాజిటివ్‌కు కలపాలి. అలా మార్చుకునే వీలు మిషన్‌లో ఉందో లేదో చూడాలి.

ఫేజ్ విషయంలో జాగ్రత్త

ఫరీదాబాద్, సాహిబాబాద్, ఓఖ్లా, నోయిడా వంటి పారిశ్రామిక ప్రాంతాలలో కర్మాగారాలు పాత యంత్రాలను తొలగించినప్పుడు వెల్డింగ్ మిషన్లు కూడా అమ్మకానికి వస్తాయి. దృఢంగా ఉంటాయి, ధర కూడా ఆకర్షిస్తుంది. అయితే వాటిలో చాలావరకు 415 వోల్టులపై, మూడు ఫేజులతోనో రెండు ఫేజులతోనో నడిచేవి. ఇంటికి వచ్చే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ కనెక్షన్‌కు అవి పనికిరావు. నేమ్ ప్లేటుపై ఇన్‌పుట్ వోల్టేజి చదవకుండా బయానా ఇవ్వకూడదు. నేమ్ ప్లేటు ఊడిపోయిన మిషన్‌ను వదిలేయడమే మేలు.

సింగిల్ ఫేజ్ మిషన్ ఇంటి మీటరుపై ఎంత భారం వేస్తుందో సులభంగా లెక్కించవచ్చు. పలుచని రేకుకు 60 ఆంపియర్ల వద్ద వెల్డింగ్ చేసినప్పుడు ఆర్క్ వోల్టేజి సుమారు 17. అంటే దాదాపు 1 కిలోవాట్. మిషన్‌లో జరిగే నష్టాలను కలుపుకుంటే మెయిన్స్ నుంచి తీసుకునేది సుమారు 8 ఆంపియర్లు. మంచి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ దీనికి సరిపోతుంది. అదే మిషన్‌ను 150 ఆంపియర్ల వద్ద నడిపితే 25 ఆంపియర్ల వరకు లాగుతుంది. మామూలు సాకెట్, సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ దానిని తట్టుకోలేవు. బిల్లుపై ఉండే మంజూరైన లోడు ఎంతో చూసుకోవాలి. గృహ కనెక్షన్‌పై ఇతరుల కార్లకు డబ్బు తీసుకుని పని చేస్తే అది విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అవుతుంది.

ఎక్కడ వెతకాలి?

పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాత వాహనాల విడిభాగాలకు, తుక్కు వ్యాపారానికి దేశంలోనే పేరొందిన కేంద్రం. స్వామి శ్రద్ధానంద్ మార్గ్‌గా పేరు మారినా జీబీ రోడ్‌గానే పిలిచే వీధిలోని దుకాణాలు యంత్ర పరికరాలకు, కశ్మీరీ గేట్ మోటారు విడిభాగాలకు ప్రసిద్ధి. కొత్త మిషన్ ధర ఎంతో ముందు జీబీ రోడ్‌లో విచారించి, ఆ తర్వాత పాతదాని బేరానికి దిగడం తెలివైన పని. అదే సామర్థ్యం గల కొత్త మిషన్ ధరలో సగానికి మించి అడిగితే, వారంటీ లేని పాత సరుకు కొనడంలో ప్రయోజనం కనిపించదు. ఇన్వర్టర్ రకం మిషన్లు వచ్చాక కొత్తవాటి ధరలు గణనీయంగా తగ్గాయన్నది మరువకూడదు.

మూతపడుతున్న చిన్న వర్క్‌షాపులు మరో మంచి మార్గం. అక్కడ మిషన్‌ను నడిపిన మనిషే ఎదురుగా ఉంటాడు. నడిపించి చూపుతాడు, దాని లోపం కూడా అతనికే తెలుసు.

తుక్కు మార్కెట్‌లో మరో ప్రమాదముంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత ప్రయోగశాల పరికరం 2010లో మాయాపురి చేరింది. అందులో కోబాల్ట్-60 రేడియోధార్మిక మూలకం ఉన్న సంగతి తెలియక దానిని విడదీయడంతో పలువురు రేడియేషన్ బారిన పడ్డారు. ఒకరు మరణించారు. ఏమిటో తెలియని పరికరాన్ని, గుర్తులు చెరిగిన బరువైన లోహపు పెట్టెను చౌకగా వస్తోందని కొనడం, విప్పడం ఎంత ముప్పో ఆ ఘటన చాటింది.

రసీదు తప్పక అడగాలి. అమ్మినవారి పేరు, చిరునామా, మిషన్ సీరియల్ నంబరు అందులో ఉండాలి. దొంగ సొత్తు అని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం.

నడిపి చూశాకే డబ్బు

కొనేవారు వెంట 0.8 మిల్లీమీటర్ల రేకు ముక్కలు రెండు తీసుకువెళ్లి, వాటిని అతికించి చూపమనాలి. ఆ సమయంలో గమనించవలసిన అంశాలివి:

• తీగ ఆగి ఆగి వస్తే లైనర్ మూసుకుపోవడమో, రోలర్ గాడి అరిగిపోవడమో కారణం. ఇవి మార్చుకోగల భాగాలే. ఆ మేరకు ధర తగ్గించమనవచ్చు.

• టార్చ్ బటన్ నొక్కగానే గ్యాసు వాల్వు 'టక్' మనాలి. వదలగానే గ్యాసు ఆగాలి.

• ఫ్యాన్ తిరగని మిషన్, కాలిన వార్నిష్ వాసన వచ్చే మిషన్ తీసుకోకూడదు.

• ఇన్వర్టర్ మిషన్ పైమూత తీయించి చూడాలి. బోర్డుపై నల్లని మరకలు, చేత్తో చేసిన టంకం గుర్తులు ఉంటే అది ఇప్పటికే మరమ్మతు అయినదని అర్థం.

• టార్చ్, కాంటాక్ట్ టిప్, రోలర్ ఆ మోడల్‌కు ఇంకా బజారులో దొరుకుతున్నాయో లేదో ముందే విచారించాలి.

నేమ్ ప్లేటుపై డ్యూటీ సైకిల్ అనే అంకె ఉంటుంది. 60 శాతమంటే ఆ ఆంపియర్ల వద్ద పది నిమిషాలలో ఆరు నిమిషాలే నడపాలని అర్థం. ఈ లెక్కను 40 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద నిర్ణయిస్తారు. ఢిల్లీ మే నెలలో 45 డిగ్రీల ఎండకు మిషన్‌కు అంతకంటే ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలి.

కారుపై చేయి వేసే ముందు

మొదటి ప్రయోగం సొంత కారుపై చేయకూడదు. తుక్కు రేకులపై కొన్ని రోజులు సాధన చేయాలి. వరుసగా గీత గీసినట్లు వెల్డింగ్ చేస్తే రేకు అలలు తిరుగుతుంది. అందుకే రెండు మూడు సెంటీమీటర్ల ఎడంతో చుక్కలుగా అతికి, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలను మార్చి మార్చి పూరించాలి. పని ముగిశాక లోపలి వైపు కూడా ప్రైమర్ పూయకపోతే తుప్పు మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది.

రాజధాని ప్రాంతంలో సీఎన్‌జీ కార్లు ఎక్కువ. సిలిండరు, గ్యాసు గొట్టాలు, పెట్రోలు ట్యాంకు సమీపంలో ఇంట్లో వెల్డింగ్ చేయరాదు. అవసరమైతే అధీకృత కేంద్రంలో సిలిండరు విప్పించాలి. బ్యాటరీ వైర్లు తొలగించాలి. తివాచీ, సీట్లు, శబ్దం తగ్గించే నల్లని పూత తీసివేయాలి. రేకు వెనుక ఏముందో చూడకుండా ముట్టిస్తే లోపల నిప్పు రాజుకుంటుంది. పక్కన నీళ్ల బకెట్, అగ్నిమాపక సిలిండరు ఉండాలి. పని ముగిశాక కనీసం అరగంట అక్కడే కనిపెట్టుకుని ఉండాలి.

వెల్డింగ్ పొగను, వెల్డింగ్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. జింకు పూత ఉన్న రేకు కాలితే వచ్చే పొగ పీల్చినవారికి జ్వరం, వణుకు కలుగుతాయి. కనుక పూతను గీకివేసి, గాలి ఆడే చోట, మాస్కు ధరించి పని చేయాలి. నల్ల కళ్లజోడు చాలదు. ముఖమంతా కప్పే వెల్డింగ్ హెల్మెట్ తప్పనిసరి. మూసిన గ్యారేజీలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. బాల్కనీలు, బేస్‌మెంట్ పార్కింగ్ ఈ పనికి తగవు.

తలుపు రేకు, ఫెండర్, నేలపై చిన్న అతుకు వరకే ఇంటి పని. పైకప్పును మోసే స్తంభాలు, ఛాసిస్ పట్టీలు, సీటు బెల్టు బిగించే చోట్లు ప్రమాద సమయంలో ప్రాణాలు కాపాడేవి. వాటిలో తరచూ వాడే అధిక బలపు ఉక్కు వేడికి గుణం కోల్పోతుంది. అవి శిక్షణ పొందిన నిపుణులకే వదిలేయాలి. బీమా క్లెయిమ్ చేయదలచినవారు సర్వేయర్ చూడకముందే రేకును తాకకూడదు.

కొనాలా, వద్దా?

మిషన్ ధర ఒక్కటే ఖర్చు కాదు. హెల్మెట్, చేతి తొడుగులు, గ్రైండరు, తీగ చుట్ట, గ్యాసు రెగ్యులేటరు, సిలిండరు డిపాజిట్ కలిపితే అది పాత మిషన్ ధరకు సమానం కావచ్చు. ఒక్క తలుపు కోసమే అయితే రేకును సొంతంగా కోసి, అమర్చి, అతికే పనికి మాత్రం మేస్త్రీకి ఒక పూట కూలి ఇవ్వడం చౌక. రెండు మూడు చోట్ల తుప్పు ఉండి, కారును ఇంకా కొన్నేళ్లు చట్టబద్ధంగా నడిపే వీలుండి, నేర్చుకునే ఓపిక కూడా ఉన్నవారికే సొంత మిషన్ గిట్టుబాటవుతుంది. అలాంటివారు నడిపి చూసిన, విడిభాగాలు దొరికే సింగిల్ ఫేజ్ మిగ్ మిషన్‌ను రసీదుతో కొంటే, పని పూర్తయ్యాక దానిని తిరిగి అమ్మి ఖర్చులో కొంత రాబట్టుకోవచ్చు.