ఆదివారం షికారుకు హెల్మెట్టే శ్రీరామరక్ష

కోల్‌కతా: వారమంతా ట్రాఫిక్ రద్దీలో నత్తనడక నడిచే కోల్‌కతా మోటారు సైకిళ్లకు ఆదివారం ఆటవిడుపు. నగర విస్తీర్ణంలో రోడ్ల వాటా సుమారు 6 శాతమే కావడంతో ఇక్కడ వేగానికి తావు లేదు. అందుకే ఔత్సాహికులు తెల్లవారకముందే జట్లుగా బయలుదేరి, 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు మీదుగా హుగ్లీ నదిని దాటి 16వ నెంబరు జాతీయ రహదారిని అందుకుంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై చేరే రహదారి ఇదే.

రూప్‌నారాయణ్ నది ఒడ్డున కొలాఘాట్‌లో అల్పాహారం. ఆ తర్వాత రహదారిని వీడి దక్షిణంగా సాగితే దిఘా సముద్రతీరం. రానూపోనూ దాదాపు 370 కిలోమీటర్లు. చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్న తొందర సహజం.

ప్రమాదం పొంచి ఉన్నది ఆ తొందరలోనే. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారేనని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక వెల్లడించింది. మృతుల్లో హెల్మెట్ ధరించనివారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక సీటులో కూర్చున్నవారు.

హెల్మెట్ లేనివారికి పెట్రోలు పోయరాదని 2016 జూలైలో కోల్‌కతా పోలీసులు బంకులను ఆదేశించారు. ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ల తయారీ, విక్రయాలను కేంద్రం 2021 జూన్ 1 నుంచి నిషేధించింది. అయితే బంకు దాటగానే హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించేవారిని ఏ ఉత్తర్వూ కాపాడజాలదు. గడ్డం కింద పట్టీ బిగించుకోవలసింది ప్రయాణికులే.