గవర్నరు విచక్షణాధికారం – బెజవాడ గోపాలరెడ్డి రాజకీయ వారసత్వం

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో 1907లో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిని తెలుగు పాఠకలోకం రవీంద్రుని అనువాదకునిగా స్మరిస్తుంది. శాంతినికేతనంలో చదివి, 1955–56లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన ఆయన రాజకీయ వారసత్వాన్ని అంచనా వేయాలంటే ఉత్తరప్రదేశ్ గవర్నరుగా గడిపిన కాలాన్ని (1967–72) కూడా పరిశీలించవలసి ఉంటుంది.

1970 సెప్టెంబరులో అక్కడి సంకీర్ణం చీలిపోయింది. కాంగ్రెస్ మంత్రులను తొలగించాలని ముఖ్యమంత్రి చరణ్‌సింగ్ కోరగా, గవర్నరు అంగీకరించక ముఖ్యమంత్రినే రాజీనామా చేయమన్నారు. శాసనసభలోనే బలం తేలాలన్నది చరణ్‌సింగ్ వాదం. సభ సమావేశం కాకముందే గవర్నరు రాష్ట్రపతి పాలనకు సిఫార్సు చేశారు. విదేశీ పర్యటనలో ఉన్న రాష్ట్రపతి వి.వి.గిరి అక్టోబరు 1న కీవ్ నగరంలో ఉత్తర్వుపై సంతకం చేశారు. అదే నెల 18న త్రిభువన్ నారాయణ్ సింగ్ మంత్రివర్గం ఏర్పడింది. అంటే ప్రత్యామ్నాయ ప్రభుత్వానికి అవకాశం అప్పటికి పూర్తిగా మూసుకుపోలేదని స్పష్టమవుతుంది.

మంత్రివర్గ బలానికి శాసనసభే పరీక్షావేదిక అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఆ ప్రమాణంతో చూస్తే గోపాలరెడ్డి నిర్ణయం నిలవదు. అయితే నాటికి అటువంటి స్పష్టమైన నియమం లేదన్నదీ గమనార్హం. వ్యక్తి సంస్కారం ఎంతటిదైనా, అది రాజ్యాంగ నియమానికి ప్రత్యామ్నాయం కాజాలదని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.