స్కాట్లండు ఖడ్గము – త్సరునిర్మాణము

ఖడ్గమునందు పట్టుకొను భాగమునకు సంస్కృతమున త్సరువని పేరు. వరాహమిహిరుడు బృహత్సంహితయందలి ఖడ్గలక్షణమున ఏబది యంగుళముల ఖడ్గ ముత్తమమని నిర్ణయించి, అలుగుమీది మచ్చల ఫలములను విస్తరించి చెప్పెను. పరీక్షకుల దృష్టి సహజముగా అలుగుపైననే నిలుచును. స్కాట్లండు పర్వతసీమల యోధులు 17, 18 శతాబ్దులలో ధరించిన ఖడ్గము విషయమున ఈ క్రమము తలక్రిందగును. అచ్చటి శిల్పుల పనితనమంతయు త్సరువునందే కలదు.

దీనిని తెలుగున బుట్టపిడి కత్తి యనవచ్చును. ఇనుప కమ్ములను, రేకులను వంచి యతికి, పిడిని పట్టిన చేతిని కప్పునట్లు పంజరముగా నిర్మించిరి. రేకులయందు హృదయాకారముగను, గుండ్రముగను రంధ్రములు తొలిచిరి. ఇవి యలంకారము మాత్రమే కావు, బరువును తగ్గించును. లోని కొయ్యపిడికి మత్స్యచర్మము చుట్టి తీగతో బిగించిరి. పంజరము లోపల తోలు, ఎఱ్ఱబట్టలతో మెత్తని యస్తరు నమర్చిరి. అది లేనిచో దెబ్బ తగిలినపుడు ఇనుమే వ్రేళ్ళను నొక్కును. పంజర మిరుకైనచో మణికట్టు తిరుగదు. కమ్ముల నడుమ సందు పెద్దదైనచో శత్రువు వాదర లోనికి చొచ్చును. ఈ రెంటి నడుమ కొలత తప్పకుండుటయే నేర్పు. వేదమున ధనుర్ధారి చేతిరక్షకు హస్తఘ్నమని పేరు. ఇనుప చేతితొడుగు లేని యోధునకు ఈ పంజరమే హస్తఘ్నము.

గ్లాస్గోలో జాన్ సింప్సన్, స్టిర్లింగులో వాల్టర్ అలన్ మొదలగువా రీ త్సరువులకు ప్రసిద్ధులు. వీరు తమ పేరుల తొలి యక్షరములను, వాటిక్రింద నగరనామపు తొలి యక్షరమును పిడిపై చెక్కుచుండిరి. అలుగులు మాత్రము పెక్కులు జర్మనీలోని సోలింగెన్ నుండి వచ్చినవి. వానిలో ననేకముల మీద 'ఆండ్రియా ఫెరారా' యను నామము కలదు. ఇతడు 16వ శతాబ్ది నాటి ఇటలీ దేశపు ఖడ్గకారుడు. అతని తరువాత తరతరములుగా సోలింగెన్ పనివారు అతని పేరును మేలితనమునకు గుర్తుగా ముద్రించిరి. ఎవరో చెప్పిన చాటుశ్లోకమునకు కాళిదాసు పేరు తగిలించుట వంటిదే యిది. కావున అలుగుపై పేరు చూచి కర్తను, కాలమును నిర్ణయించుట ప్రమాదకరము. త్సరుశిల్పమే నమ్మదగిన సాక్ష్యము.

'క్లేమోర్' అను గేలిక్ పదమునకు పెద్దకత్తి యని యవయవార్థము. రెండుచేతుల కత్తికి తగిన యీ పేరు 18వ శతాబ్దిలో బుట్టపిడి కత్తికిని రూఢమైనది. మన దక్కనునందును ఐరోపా యలుగులకు దేశీయపు పిడులు తొడిగి 'ఫిరంగీ' లనిరి. మనవా రలుగు వచ్చిన దేశమును బట్టి పేరిడిరి. స్కాట్లండువారి కత్తికో, పరదేశపు టలుగున్నను పేరు తమదే.

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధమున పర్వతీయు లోడిపోయిరి. ఆ యేడే ఆయుధధారణ నిషేధము కఠినతరమైనది. పిమ్మట బుట్టపిడి కత్తులు పర్వతసైన్యదళములకై లండన్, బర్మింగ్‌హామ్ నగరములలో గుత్తకు తయారైనవి. వాని రేకులు పలుచనివి, రంధ్రములు మోటువి. స్టిర్లింగు త్సరువు ప్రక్కన నుంచి చూచినచో ఆ భేదము కన్నులకే తెలియును.