ఇంటిలోని పుస్తకాల బీరువా – దాని సంరక్షణ

పుస్తకమును సంపాదించుట ఒక ఎత్తు. సంపాదించిన దానిని పదికాలాల పాటు నిలుపుకొనుట మరొక ఎత్తు. మొదటి పనికి డబ్బు కావలెను, రెండవ పనికి ఓర్పు కావలెను. మన ఇండ్లలో పుస్తకములు లేవని అనుటకు వీలులేదు. పెద్దలు చదివిన ఉర్దూ గ్రంథములు, పిల్లల తెలుగు వాచకములు, పవిత్ర గ్రంథములు, నిఘంటువులు, పాత మాసపత్రికలు ఏదో ఒక బీరువాలోనో గోడ అరలోనో ఉండనే ఉన్నవి. అయితే పండుగ వచ్చినచో గోడలకు సున్నము వేయించు మనము, ఆ అర తలుపు తీసి చూచుటకు మాత్రము తీరిక చేసుకొనము. ఇంటి పుస్తకాల అరను శుభ్రపరచు విధానమును, దానిని కాపాడుకొను పద్ధతులను ఈ వ్యాసమున విద్యార్థి మిత్రుల ముందుంచదలచితిమి.

ఈ విషయమున మాకు గురువు మాకు కలిగిన నష్టమే. మా దాదాగారి పుస్తకాల బీరువా వెనుక గదిలో, స్నానాల గదిని ఆనుకొనియున్న గోడకు చేర్చి ఉండెను. ఆయన గతించిన పిదప మాలో ఉర్దూ లిపి చదువగలవారు లేకపోయిరి. కాబట్టి దానిని తెరచువారును లేకపోయిరి. మూడు వానకాలములు గడచిన తరువాత ఒకనాడు తెరచి చూడగా పుస్తకములన్నియు వరుసగా నిలిచియే ఉన్నవి. సంతోషించి క్రింది అరలోని ఒకదానిని తీసికొనగా అట్ట మాత్రమే చేతికి వచ్చినది. లోపల కాగితమునకు బదులు మట్టి ఉన్నది. చెదలు గోడ వెంబడి వచ్చి, బీరువా వెనుక చెక్కను తొలిచి, క్రింది రెండు అరలను తినివేసినవి. దాదాగారు స్వహస్తముతో గజళ్ళు వ్రాసికొనిన బయాజ్ అందులోనే ఉండెను. అచ్చు పుస్తకము పోయినచో మరొక ప్రతి ఎక్కడనైనను దొరకవచ్చును. చేతివ్రాత పుస్తకమునకు రెండవ ప్రతి లేదు.

పుస్తకమునకు శత్రువులు

పుస్తకమునకు మొదటి శత్రువు తేమ. గాలిలోని తేమ 65 శాతమునకు మించి చాలా దినములు నిలిచినచో కాగితముపై బూజు పట్టును. తక్కిన శత్రువులు చాల వరకు ఈ తేమ వెంటనే వచ్చును. వెండి రంగులో మెరయుచు, వెలుతురు పడగానే పరుగెత్తు రామబాణపు పురుగు చీకటిని, తేమను కోరును. బైండింగునకు వాడిన మైదా జిగురును, కాగితపు పైపొరను గీకి తినును. ఒక జాతి పెంకు పురుగుల పిల్లలు పుటలలో గుండ్రని సన్నని రంధ్రములు తొలుచును. అర పలకపై మెత్తని పొడి రాలియున్నచో అవి లోపల పనిచేయుచున్నవని గ్రహింపవలెను. బొద్దింకలు అట్టలపై గుడ్డను, జిగురును కొరుకును. ఉర్దూలో దీమక్ అని పిలువబడు చెద నేలనుండి మట్టి గొట్టములు కట్టుకొని గోడ మీదుగా వచ్చును. దాని దారి పైకి కనబడుటకు ముందే లోపల నష్టము జరిగిపోవును.

రెండవ శత్రువు కాగితములోనే ఉన్నది. 19వ శతాబ్దపు మధ్యకాలము నుండి గుడ్డపీలికలకు బదులు కలప గుజ్జుతో కాగితము చేయు పద్ధతి వ్యాపించెను. ఆ గుజ్జులోని లిగ్నిన్ అను పదార్థము వెలుతురుకు పసుపు వన్నెకు తిరుగును; తయారీలో వాడిన పటిక వలన ఆమ్లము పుట్టి కాగితము పెళుసెక్కును. 1854లో మదరాసున నెలకొన్న వావిళ్ళవారి ముద్రణాలయపు తెలుగు గ్రంథములుగాని, 1858లో లక్నోలో స్థాపింపబడిన నవల్ కిశోర్ ముద్రణాలయపు ఉర్దూ, ఫారసీ గ్రంథములుగాని మీ ఇంట ఉన్నచో వాని పుటలను మెల్లగా త్రిప్పవలెను. పెళుసెక్కిన పుట మూల ఒకసారి మడిచినచో విరిగిపోవును.

పెద్దల పద్ధతులు

మన పూర్వులు ఈ శత్రువులను ఎరుగనివారు కారు. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె పూసెడివారు. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయమున వస, లవంగము, మిరియము, కర్పూరము వంటివి దంచి గుడ్డ మూటలుగా కట్టి గ్రంథముల నడుమ ఉంచు ఆచారము కలదు. అరబ్బీ, ఫారసీ వ్రాతప్రతులలో మొదటి పుటపైనో చివరి పుటపైనో "యా కబీకజ్" అని వ్రాయు ఆచారము ఉండెను. కబీకజ్ అనునది ఒక విషపు మొక్క పేరు. కాలక్రమమున అది పురుగులను ఏలు శక్తి పేరుగా భావింపబడి, ఆ పేరు వ్రాసినచో పురుగులు గ్రంథమును ముట్టవని లేఖకులు నమ్మిరి. ఆ పేరున్న పుటలలోనే పురుగు తొలిచిన రంధ్రములు కనిపించుటయు కలదు. నమ్మకము పుస్తకముపై ఉన్న ప్రేమకు గుర్తే కాని, దుమ్ము దులుపుటకు బదులు కాజాలదు.

వేపాకు వేయు అలవాటు మంచిదే. అయితే ఆకును నీడలో పూర్తిగా ఎండబెట్టి, పలుచని గుడ్డలో కట్టి అర మూలలో ఉంచవలెను. పచ్చి ఆకును పుటల మధ్య పెట్టినచో దాని తడి, మరక కాగితమునకు అంటును. పువ్వులకును ఇదే వర్తించును. నెమలీక పిల్లలు పెట్టునని పుస్తకములో దాచుకొను చిన్నారుల మనస్సు నొప్పింపవలదు. పాఠ్య పుస్తకమున ఉంచుకొననిచ్చి, పాత గ్రంథములను మాత్రము దూరముగా ఉంచిన చాలును.

నాఫ్తలీను ఉండలు నేడును పెక్కు ఇండ్ల బీరువాలలో కనిపించును. వాని ఆవిరి ఆరోగ్యమునకు మంచిది కాదు. చిన్నపిల్లలు మిఠాయి అనుకొని మ్రింగు ప్రమాదమును కలదు. నిదురించు గదిలోని అరలో వానిని ఉంచకుండుటయే మేలు. పూర్వము కొందరు పుస్తకాల అరలపై డి.డి.టి. పొడి చల్లిరి, బైండింగు జిగురులో మైలుతుత్తము కలిపిరి. కాబట్టి ఎంతోకాలముగా తెరువని పాత పుస్తకములను దులుపునపుడు ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను. పని ముగిసిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

శుభ్రపరచు విధానము

ఏడాదికి రెండుసార్లు, అనగా వానలు వెనుదిరిగిన తరువాత ఒకసారి, వేసవి ముగియుటకు ముందు ఒకసారి ఈ పని పెట్టుకొనవలెను. పొడిగా ఉన్న దినమున, కిటికీలు తెరచి, పై అర నుండి మొదలుపెట్టవలెను. క్రింది అర నుండి మొదలిడినచో పై దుమ్ము మరల క్రింద పడును. ఒక్కసారి ఒక అరనే ఖాళీ చేయవలెను. అపుడు వరుస తప్పదు, పని విసుగు పుట్టింపదు.

పుస్తకమును గట్టిగా మూసి పట్టుకొని, మెత్తని కుంచెతో వెన్ను వైపు నుండి అంచు వైపునకు దులుపవలెను. దుమ్ము ఎక్కువగా చేరునది పుటల పై అంచున; మూయకుండ దులిపినచో అది లోపలకు జారును. పుస్తకమునకు తడి గుడ్డ తగిలింపరాదు. తరువాత పుటలను ఒకమారు త్రిప్పి, గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరు పట్టీలు ఉన్నచో తీసివేయవలెను. ఇనుము త్రుప్పు పట్టి మరక చేయును, రబ్బరు కరగి అంటుకొనును. అర పలకను తడి గుడ్డతో తుడిచినను, అది పూర్తిగా ఆరిన పిదపనే పుస్తకములను తిరిగి సర్దవలెను.

బూజు పట్టిన పుస్తకమును వెంటనే వేరుచేసి, నీడలో గాలికి ఆరబెట్టి, ఆరిన తరువాత ఆరుబయట కుంచెతో తుడువవలెను. మండుటెండలో పెట్టినచో అట్ట వంకరపోవును, కాగితము పసుపెక్కును. తడిసిన పుస్తకమున పుటల మధ్య అచ్చులేని తెల్లకాగితములు ఉంచుచు, అవి తడిసినకొలది మార్చుచు ఫంకా గాలికి ఆరబెట్టవలెను. పురుగు పట్టిన పొడి పుస్తకమును ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండ కట్టి, మైనస్ 18 డిగ్రీల చలిగల ఫ్రీజరులో రెండు వారములుంచినచో పురుగులు చచ్చును. బయటకు తీసిన పిదప ఒక దినము గడచువరకు సంచి విప్పరాదు. విప్పినచో చల్లని కాగితముపై తేమ చేరును.

చినిగిన పుటకు సెలోటేపు అంటింపరాదు. కొన్నేండ్లకు దాని జిగురు గోధుమ రంగుకు తిరిగి అక్షరములను చెరచును. పలుచని మెత్తని కాగితమును మైదా జిగురుతో అతికించిన చాలును.

అమరిక

బీరువాను గోడకు మూడు నాలుగు అంగుళముల దూరమున, తేమ లేని గోడ వైపు ఉంచవలెను. క్రింది అర నేలకు కనీసము అరడుగు ఎత్తున ఉండవలెను. పుస్తకములను నిటారుగా నిలుపవలెను. ప్రక్కకు వాలినచో కుట్టు వదలును, క్రిక్కిరిసినచో తీయునపుడు వెన్ను చినుగును. పెద్ద గ్రంథములను పడుకోబెట్టుట మేలు. పుస్తకమును తీయునపుడు వెన్ను పైకొనను పట్టి లాగరాదు. ఇరుప్రక్కలవానిని కొంచెము లోపలకు నెట్టి నడుమ పట్టుకొని తీయవలెను. జుజ్‌దానులో చుట్టి పై అరలో ఉంచిన పవిత్ర గ్రంథమునకును గాలి కావలెను. నిత్యము పఠింపబడు గ్రంథమునకు ఆ కొరత ఉండదు.

ఇంతవరకు చెప్పినదంతయు చేతి పని. అసలు రక్షణ వేరొకటి కలదు. తరచు తెరువబడు పుస్తకమున పురుగు స్థిరపడజాలదు. స్థిరపడినను నష్టము పెరుగక ముందే కంటబడును. మా బీరువాను చెదలు తినినవనుట నిజమే. కాని అంతకుముందే మేము దానిని విడిచిపెట్టితిమి. చదువరాని లిపి క్రమముగా చూడని లిపి అగును. చూడనిది చివరకు తూకమునకు పోవును.

కాబట్టి కళాశాల కమిటీవారికి, విద్యార్థులకు ఒక మనవి. మన కళాశాలలో ఉర్దూ చదివినవారును, తెలుగు చదివినవారును ఒకే బల్లపై కూర్చుండుచున్నారు. వానలు ముగిసిన తరువాత ఒక ఆదివారము ఇద్దరిద్దరుగా ఒకరి ఇంటికొకరు వెళ్ళి, అర దులిపి, ఉర్దూ గ్రంథముల పేర్లను చదువగలవారు చదువగా, తక్కినవారు తెలుగు లిపిలో పట్టిక వ్రాయవచ్చును. చేతివ్రాత పుస్తకమున్నచో ఫోనుతో పుట పుటకు ఛాయాచిత్రము తీసి ఉంచవచ్చును. ఆ పట్టికలను కళాశాల గ్రంథాలయమున భద్రపరచినచో ఏ ఇంట ఏ గ్రంథము కలదో తెలియును.

ఉర్దూ పుస్తకము కుడి నుండి తెరచుకొనును, తెలుగు పుస్తకము ఎడమ నుండి తెరచుకొనును. అరలో ఎడమవైపు తెలుగు పుస్తకమును, దాని కుడిప్రక్కన ఉర్దూ పుస్తకమును నిలిపి చూడుడు. రెండింటి ముఖపత్రములును ఒకదానికొకటి ఎదురుగా ఉండును. మన ఇంటి అరలో ఆ రెండును అట్లే చిరకాలము నిలుచుగాక.