కరెంటు పోయినా మీ రిపోర్టు పోకూడదు



ఈ పేజీలో మేము సాధారణంగా జబ్బుల గురించి, మందుల గురించి, తినవలసిన ఆహారం గురించి రాస్తుంటాము. ఈసారి మన ఆసుపత్రిలో మీరెవరూ చూడని ఒక చిన్న గది గురించి చెప్పదలచాము. ఆ గదికి ఎప్పుడూ తాళం ఉంటుంది. లోపల ఏ.సి. ఆగకుండా నడుస్తుంటుంది. మీ ఓ.పి. నంబరు, రక్త పరీక్షల ఫలితాలు, ఎక్స్‌రేలు, మీకు పడని మందుల వివరాలు, ఫార్మసీ బిల్లు అన్నీ ఆ గదిలోని కంప్యూటర్లలోనే ఉంటాయి. వాటిని సర్వర్లు అంటారు. డాక్టరు గారి టేబుల్ మీద కనిపించే కంప్యూటరు కిటికీ వంటిదైతే, ఈ సర్వర్లు లోపలి బీరువా వంటివి.

ఒక సాయంత్రం జరిగింది

ఒక వానాకాలం సాయంత్రం, ఓ.పి.లో జనం కిటకిటలాడుతున్న వేళ, ఉస్మాన్‌గంజ్ ప్రాంతమంతా కరెంటు పోయింది. మాకు జనరేటరు ఉంది. అది వెంటనే అందుకుంది. లైట్లు వెలిగాయి, ఆపరేషన్ థియేటరులో పని ఆగలేదు. కాని కంప్యూటర్లన్నీ నల్లబడిపోయాయి. సర్వర్ గదిలోని యు.పి.ఎస్. అరగంట సేపు నిలబడాలి. అది నాలుగు నిమిషాలకే చేతులెత్తేసింది. దాని బ్యాటరీలు పెట్టి అయిదేళ్లు దాటింది. పైగా ఎప్పుడో వైరింగ్ మార్చినప్పుడు ఆ గది లైను జనరేటరుకు కలపకుండా వదిలేసిన సంగతి ఎవరికీ తెలియదు.

తప్పు మాదే. దాని ఫలితం మాత్రం మీలో కొందరు అనుభవించారు. ల్యాబ్‌లో పరీక్ష పూర్తయినా ఫలితం నమోదు కాకపోవడంతో ఒక చిన్న పాపకు రెండోసారి సూది గుచ్చి రక్తం తీయవలసి వచ్చింది. వార్డులో ఒక పెద్దాయనకు ఇంజెక్షను ఇవ్వాలి. ఆయనకు ఏ మందు పడదో కంప్యూటరులో రాసి ఉంది, కాని అది తెరుచుకోదు. డ్యూటీలో ఉన్న సిస్టర్ ఇంజెక్షను ఆపి, రికార్డు గదిలో టార్చిలైటుతో పాత కేస్ షీటు వెదికించారు. పెన్సిలిన్ పడదని అందులో ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ సిస్టర్ ఓపిక లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ మాకు భయమే.

ఆ తర్వాత మేము నేర్చుకున్నదీ, చేసినదీ ఇక్కడ రాస్తున్నాము. ఇందులో కొంత మీ ఇళ్లకు కూడా పనికి వస్తుంది.

జనరేటరు ఉంటే చాలదా?

చాలదు. కరెంటు పోయిందని గ్రహించి, ఇంజను తిరిగి, వోల్టేజీ నిలకడగా వచ్చేసరికి జనరేటరుకు సుమారు 10 నుంచి 15 సెకన్లు పడుతుంది. మనిషికి అది రెప్పపాటు. కంప్యూటరుకు మాత్రం చాలా ఎక్కువ. కరెంటు ఆగితే అది తట్టుకోగలిగేది సెకనులో యాభయ్యో వంతు మాత్రమే. ఈ మధ్య ఖాళీని పూడ్చేదే యు.పి.ఎస్.

యు.పి.ఎస్.లో రకాలున్నాయి. చవక రకంలో కంప్యూటరు మామూలు కరెంటు మీదే నడుస్తుంటుంది. కరెంటు పోయినప్పుడు లోపలి స్విచ్ బ్యాటరీ వైపు తిరుగుతుంది. మన ఇళ్లలోని ఇన్వర్టరు పని చేసేదీ ఇలాగే. ఫ్యాను ఒక్క క్షణం మందగించి మళ్లీ తిరగడం మీరు చూసే ఉంటారు. రెండవది ఆన్‌లైన్ రకం. ఇది వచ్చే కరెంటును ముందు బ్యాటరీ కరెంటుగా (డి.సి.గా) మార్చి, మళ్లీ 230 వోల్టుల ఏ.సి.గా మార్చి సర్వరుకు ఇస్తుంది. సర్వరు ఎప్పుడూ దీని మీదే నడుస్తుంది కాబట్టి కరెంటు పోయిన సంగతే దానికి తెలియదు. వోల్టేజీ హెచ్చుతగ్గులు కూడా లోపలికి రావు. అందుకే సర్వర్లకు ఆన్‌లైన్ రకమే పెట్టాలి.

ఎంత పెద్దది కావాలి?

ఈ లెక్క మీరూ వేయవచ్చు. రెండు సర్వర్లు ఒక్కొక్కటి 350 వాట్లు, డేటా దాచే పెట్టె 200 వాట్లు, నెట్‌వర్క్ స్విచ్చులు 100 వాట్లు అనుకుందాం. మొత్తం 1000 వాట్లు. పెరిగే అవసరాలకు చోటు వదిలి 2 కె.వి.ఏ. యు.పి.ఎస్. తీసుకోవాలి. 2 కె.వి.ఏ. అంటే 2000 వాట్లు అని భ్రమపడకూడదు. చాలా వాటిలో అది 1600 లేక 1800 వాట్లే. పెట్టె మీద రెండు అంకెలూ ఉంటాయి, వాట్ల అంకె చూడాలి.

ఎంతసేపు నిలబడుతుందో చెప్పేది బ్యాటరీలు. 12 వోల్టుల, 42 ఏ.హెచ్. బ్యాటరీలు ఎనిమిది వరుసగా కలిపితే 96 వోల్టులు. 96ను 42తో గుణిస్తే 4032 వాట్-అవర్లు. 1000 వాట్ల లోడుకు నాలుగు గంటలు వస్తుందని కాగితం మీద అనిపిస్తుంది. అంత రాదు. మార్పిడిలో కొంత పోతుంది, వేగంగా వాడితే బ్యాటరీ తక్కువ ఇస్తుంది, పూర్తిగా ఖాళీ చేయనూకూడదు. అందుకని అరవై శాతమే లెక్కలోకి తీసుకోవాలి. అంటే సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలు, అదీ బ్యాటరీలు కొత్తగా ఉన్నప్పుడు.

ఎక్కడ పెట్టాలి?

సెల్లారులో ఖాళీ ఉంటుంది కాబట్టి అందరూ జనరేటరు, బ్యాటరీలు అక్కడే పెడతారు. మూసీ ఒడ్డున ఉండే మనకు ఇది తగదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ప్రాంతం ఎలా కొట్టుకుపోయిందో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఎందరు బతికారో మన పెద్దలు చెప్పగా విన్నాము. నది పొంగకపోయినా, గట్టి వాన చాలు. 2020 జూలైలో వాన నీరు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి చేరి రోగులను తరలించవలసి వచ్చింది. అదే ఏడు అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి.

ప్రపంచంలో పెద్ద పెద్దవారికీ ఇది తప్పలేదు. 2012 అక్టోబరులో తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో జనరేటర్లకు డీజిల్ అందించే ఏర్పాటు నేలమాళిగలో ఉండి నీట మునిగింది. మూడు వందల మందికి పైగా రోగులను చీకట్లో మెట్ల మీదుగా దించారు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలోనూ జనరేటర్లు సునామీ నీటిలో మునగడమే ప్రమాదాన్ని పెంచింది.

అందుచేత మేము యు.పి.ఎస్.ను, బ్యాటరీలను పై అంతస్తుకు మార్చాము. బ్యాటరీల బరువు ఎక్కువ కనుక ముందు ఇంజనీరు చేత నేల బలం చూపించాము. ఎర్తింగ్ గుంట కొత్తగా వేయించాము.

మేము పాటిస్తున్న నియమాలు

ఒకటి: ప్రతి సర్వరుకు కరెంటు తీసుకునే భాగాలు రెండు ఉంటాయి. రెండు తీగలూ ఒకే యు.పి.ఎస్.కు తగిలిస్తే లాభం లేదు. ఇప్పుడు ఒకటి ఒక యు.పి.ఎస్.కు, రెండోది ఇంకో యు.పి.ఎస్.కు కలిపాము. ఏదైనా ఒకటి చెడిపోతే రెండోదే మొత్తం లోడు మోయగలిగేలా చూసుకున్నాము.

రెండు: జనరేటరు కూడా మొరాయిస్తే సర్వరు చివరి చుక్క దాకా నడవకూడదు. యు.పి.ఎస్. నుంచి సర్వరుకు ఒక కేబుల్ ఉంటుంది. అరగంట బ్యాటరీ మిగిలిందనగానే అది సంకేతం ఇస్తుంది. సర్వరు రాస్తున్నది పూర్తిచేసి తనంతట తానే పద్ధతిగా మూతపడుతుంది. రాస్తుండగా చేతిలోని పుస్తకం లాక్కోవడానికీ, పూర్తయ్యాక మూసి పెట్టడానికీ ఉన్న తేడా ఇది. మళ్లీ తెరిచేటప్పుడు ముందు నెట్‌వర్క్ స్విచ్చులు, తర్వాత డేటా పెట్టె, ఆ తర్వాతే సర్వర్లు.

మూడు: జనరేటరును వారానికొకసారి లోడు పెట్టి నడుపుతాము. నెలకొకసారి యు.పి.ఎస్.కు వచ్చే లైను మేమే ఆపి, ఎంతసేపు నిలబడిందో పుస్తకంలో రాస్తాము. బ్యాటరీ చెడిపోయేటప్పుడు చప్పుడు చేయదు. పరీక్షిస్తేనే తెలుస్తుంది.

నాలుగు: బ్యాటరీకి వేడి శత్రువు. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మన మే నెల ఎండల్లో మూసిన గదిలో పెడితే అయిదేళ్ల బ్యాటరీ రెండేళ్లకే పోతుంది. ఏ.సి. ఆ గదికి అందుకే.

అయిదు: ఏ యంత్రాన్నీ పూర్తిగా నమ్మకూడదు. ప్రతి వార్డులో ఇప్పుడు ఖాళీ కాగితాల ఫైలు ఉంది. మందు పడని రోగులకు చేతికి ఎర్ర పట్టీ కడుతున్నాము. కరెంటు లేకపోయినా అది చదవవచ్చు.

మీ ఇంట్లో గమనించవలసినవి

• ఇన్వర్టరు బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది అంటుకునే వాయువు. బ్యాటరీని గాలి ఆడే చోట పెట్టండి. దగ్గరలో దీపం, కొవ్వొత్తి, అగరుబత్తి వెలిగించకండి.

• నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయండి. కుళాయి నీళ్లు వద్దు. బ్యాటరీ ఆసిడ్ కంట్లో పడితే పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి రండి.

• చిన్న జనరేటరును దుకాణం లోపల గాని, వరండాలో గాని, కిటికీ పక్కన గాని నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, తల తిరగడం, వాంతి అయ్యేట్లు ఉండటం దాని గుర్తులు. నిద్రలో ప్రాణం తీస్తుంది.

• ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటరు వాడేవారు ఇన్వర్టరు దాన్ని మోయగలదో లేదో ముందే ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఎలాగైనా ఒక నిండు సిలిండరు పక్కన ఉంచుకోండి.

• కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకపోతే సుమారు నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది. ఇన్సులిన్ వాడేవారు ఇది గుర్తుంచుకోండి. ఎండాకాలంలో, వాడుతున్న సీసాను పొడిగా ఉండే డబ్బాలో పెట్టి, తడి మట్టి కుండ లోపల ఉంచవచ్చు. ఐసు మీద నేరుగా పెట్టకండి, గడ్డకడితే అది పనికిరాదు.

• పాత బ్యాటరీని తూకానికి అమ్మకండి. పగలగొట్టి సీసం తీసేవారి దగ్గర ఆ ధూళి పిల్లల నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది, దానికి ఇంతవరకు పరవాలేదు అనే మోతాదు లేదు. కొన్న దుకాణంలోనే తిరిగి ఇవ్వండి. పాత బ్యాటరీలను సేకరించే లేక రీసైకిల్ చేసే సంస్థకే ఇవ్వాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు కోరుతున్నాయి.

చివరగా ఒక మనవి. కంప్యూటరులో అంతా ఉంది కదా అని మీ దగ్గరి కాగితాలు పారేయకండి. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు, పడని మందులు ఒక చిన్న కార్డు మీద రాసి, ఆసుపత్రికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి. ఆ సాయంత్రం పెద్దాయనను కాపాడింది ఎర్ర సిరాతో రాసిన ఒక్క మాటే. ఆ మాట మా దగ్గర పోకుండా చూసుకునే బాధ్యత మాది. మీ జేబులో కూడా ఒక ప్రతి ఉంటే మాకు ఇంకా ధైర్యం.