మూడైదులు ఎనిమిది

మూడైదులు ఎనిమిది యనియు, మూడును అయిదును కూడిన మూడే యనియు జెప్పు గణిత మొకటి కలదు. నవ్వకుడు. అందు కూడుట యన రెంటిలో చిన్నదానిని గ్రహించుట. గుణించుట యన మన మెఱిగిన కూడికయే.

హంగెరీలో జన్మించి బ్రెజిలున స్థిరపడిన ఇమ్రే సైమన్ పండితు డిట్టి లెక్కలను శోధించెను. ఆయన గౌరవార్థమే ఫ్రెంచి గణితజ్ఞులు దీనికి ఉష్ణమండల గణితమని పేరిడిరి. గణితమున మాత్రము ఎండ లేదు!

ఈ లెక్కతో గీచిన వక్రరేఖలు వంపులు పోయి, తిన్నని పుల్లల కూర్పు లగును. ప్రతి కూడలియందును అన్నివైపుల లాగుడు సరితూగవలెను.

వీనివలన ప్రయోజన మేమి? రెండు చుక్కలగుండ సరళరేఖ యొక్కటియే పోవును. ఎటుపడిన నటు చల్లిన 8 చుక్కలగుండ, తన్ను దానే యొకచోట ఖండించుకొను మూడవ ఘాతపు వక్రరేఖ లెన్ని పోవును? ఊహాసంఖ్యలను గూడ జేర్చుకొనిన, 12. వంపురేఖలతో నిది లెక్కించుట బహు కష్టము. పుల్లల చిత్రములను వాని వాని విలువ చొప్పున లెక్కించినను అదియే సంఖ్య వచ్చునని గ్రిగొరీ మిఖాల్కిన్ 2005లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. చుక్కల నొక తీరున నుంచిన 9 చిత్రములే కానవచ్చును. ఎనిమిదింటికి విలువ ఒక్కొక్కటి. తొమ్మిదవదానిలో నొక పుల్ల రెట్టింపు బరువుది గావున, అదియొక్కటే నాల్గింటి పెట్టు.