పొందూరు నూలు, చేతిలోని తెర

వస్తువును విక్రయించుటకు బొమ్మను తోడు తెచ్చుకొనుట క్రొత్త విద్య కాదు. పందొమ్మిదవ శతాబ్దమున మాంచెస్టరు వర్తకులు తమ మిల్లుబట్టల తానులపై శ్రీకృష్ణుని, సరస్వతీదేవిని చిత్రించిన రంగురంగుల చీటీలను అంటించి మన రేవులకు పంపెడివారు. అక్షరజ్ఞానము లేని కొనుగోలుదారు సయితము ఆ చీటీని గుర్తుపట్టి, వెనుకటిసారి కొన్న తానునే మరల కోరుకొనెడివాడు. ఆ చీటీలు ఎంత రమణీయములైనను, వానిపైని దేవతామూర్తులకును, లోపలి వస్త్రమును నేసిన ఆవిరియంత్రమునకును ఎట్టి సంబంధమును లేదు. వస్త్రము పుట్టిన చోటును మరపించుటయే ఆ బొమ్మ చేసిన పని. మన చేనేత మ్రగ్గిపోయిన రోజులలో ఆ చీటీలు చేసిన మేలు ఎవరికో, కీడు ఎవరికో చరిత్ర యెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

నేడు ఆ చీటీ స్థానమున ఫోను తెర వచ్చినది. 2010లో ఇన్‌స్టాగ్రామ్ పుట్టిననాడు అది ఛాయాచిత్రములను మిత్రులతో పంచుకొను వేడుక మాత్రమే. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకయై పల్లెపల్లెకు వీడియో చేరెను. 2020 జూన్ నెలాఖరున మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధింపగా, కొలది దినములలోనే ఇన్‌స్టాగ్రామ్‌లోని రీల్స్ ఆ చోటును ఆక్రమించెను. ఒకనాడు రంగూనుకును, తరువాత హైదరాబాదు, చెన్నై, గల్ఫు దేశములకును ఉపాధికై తరలిపోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు నేడు తమ ఊరి వార్తను, ఊరి జాతరను, ఊరి సరకును ఈ తెరపైననే చూచుచున్నారు. ఆ తెరపై బొటనవ్రేలు క్షణమైనను నిలువదు. అక్షరములు చదువబడుటకు ముందే బొమ్మ చూడబడుచున్నది. బొమ్మ నిలిపినచోటనే చదువరియు నిలుచుచున్నాడు. కావున చిన్న వర్తకుడు మొదలు పెద్ద సంస్థ వరకు అందరును దృశ్యము వెంటబడుటలో ఆశ్చర్యము లేదు. అయితే ఏ దృశ్యమును చూపవలెనన్న ప్రశ్నకు మాత్రము చాలమంది ఆ పాత చీటీల కాలపు సమాధానమునే ఇచ్చుచున్నారు: అందమైన ముఖము, మెరుపుల వెలుతురు, వెనుక ఒక సినిమాపాట. ఇంతకంటె ఉత్తమమైన సమాధానము పొందూరులో ఉన్నదని నా నమ్మకము.

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు సన్నఖాదీని ఎరుగని తెలుగువారరుదు. గాంధీమహాత్ముని మెప్పు పొందిన వస్త్రమది. అక్కినేని నాగేశ్వరరావు మక్కువతో కట్టిన పంచె అది. అయినను, ఆ వస్త్రము తయారగు విధమును కన్నులార చూచినవారు కొద్దిమందియే. కొండపత్తిని ఏరి, వాలుగ చేప దవడ యెముకతో గింజమీదనే దువ్వుదురు. ఆ దవడలోని సన్నని పండ్లు, ఏ ఇనుప దువ్వెనయు చేయజాలనంత మెత్తగా, పీచును తెగనీయక నలుసును తొలగించి పోగులను సమముగ పరచును. తరువాత గింజ తీసి, దూదిని మెత్తబరచి, చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, అవి నలిగి మాయకుండ ఎండిన అరటి బోదెలో ఉంచి, వానినుండి ఒక్కొక్కటిగ తీసి చరఖాపై వడకుదురు. వడికిన నూలు చిలపలై, చిలపలు మగ్గమునకు చేరి, అప్పటికి గాని బట్ట కాదు. ఈ పనులలో పెక్కింటిని ఇంటివద్ద కూర్చుండి చేయువారు స్త్రీలు. వారిలో ముదుసలులు అధికము.

ఈ నూలు నూరవ నెంబరును దాటును. నూరవ నెంబరనగా నేమి? ఒక పౌను బరువున్న నూలును సాగదీసిన ఎనుబదినాలుగు వేల గజముల పొడవగును. అనగా అరకిలోకు కొంచెము తక్కువైన దూదినుండి, శ్రీకాకుళమునుండి విజయనగరము చేరి ఇంకను మిగులునంత దారము వచ్చును. ఈ సంగతిని చూపుటకు ఎంత చక్కని చిత్రము తీయవచ్చునో ఆలోచింపుడు! తక్కెడలో కొంచెము దూది, ప్రక్కన మార్గపటము, అంతే చాలును.

చిక్కు ఇక్కడనే ఉన్నది. తయారైన బట్టను మడతపెట్టి ఫొటో తీసినచో, పొందూరు పంచెయు, మరమగ్గముపై నేసిన సన్నని మిల్లు పంచెయు తెరపై కవలలవలె కానవచ్చును. వ్రేళ్లతో తాకినపుడు తెలియు భేదమును కన్ను కనిపెట్టజాలదు. ధరలోని వ్యత్యాసము మాత్రము స్పష్టముగ కనిపించును. అప్పుడు చవకదే గెలుచును. ఖాదీ అని అమ్మబడు వస్త్రమునకు ఖాదీ గ్రామోద్యోగ కమిషనువారి ధ్రువీకరణముండవలెనని 2013లో ఖాదీ మార్కు నిబంధనలు వచ్చినవి. అది గొప్ప రక్షణయే. కాని చూపరి హృదయమును తాకునది ముద్ర కాదు, పని. మడతబట్టను అనుకరించుట సులభము. వాలుగ దవడతో పత్తి దువ్వు చేతిని అనుకరించుట మరమగ్గపు యజమానికి సాధ్యము కాదు. కనుక పొందూరువారికి గల అతిశ్రేష్ఠమైన ప్రకటన వారి పనియే.

ఆ పనిని తెరకెక్కించుటలో కొన్ని మెలకువలు కలవు. తెల్లని వస్త్రమును చూచిన ఫోను కెమెరా, వెలుతురు మిక్కుటమైనదని భ్రమించి తనంతట తానే తగ్గించుకొనును. తెలుపు బూడిదవన్నెకు దిగజారును. తెరపై బట్టయున్న చోట వ్రేలుంచి, ప్రకాశపు గుర్తును కొంచెము పైకి జరిపినచో తెలుపు తిరిగివచ్చును. వెలుతురు ఎదుటినుండి కాక, ఉదయవేళ తలుపు ప్రక్కనుండి ఏటవాలుగ పడినపుడు పడుగుపేకల గరుకుదనము నీడలుగా లేచి కనబడును. రంగులను సింగారించు ఫిల్టరుల జోలికి పోరాదు. తెరపై ఒక వన్నె, పార్శిలులో మరియొక వన్నె యైనపుడు కొన్నవాడు మరల రాడు. వీడియోను నిలువుగ తీయవలెను, ఏలయన ఫోను నిలువుగ పట్టుకొనబడును. మొదటి రెండుమూడు క్షణములలోనే చేప దవడ కనబడవలెను. సంస్థ పేరు, స్వాగతవాక్యములు తరువాత రావచ్చును. బస్సులోనో, కార్యాలయములోనో ధ్వని కట్టిపెట్టి చూచువారనేకులు కావున, జరుగుచున్న పనిని తెరపై తెలుగులో రెండు ముక్కలుగా వ్రాయవలెను. ఆ మాటలు ఊరివారు పలుకునట్టివే కావలెను. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన సీమ యిది. ఏకు, చిలప, పడుగు, పేక అను మాటలుండగా ఇతర భాషలను అరువు తెచ్చుకొను అగత్యము లేదు.

అన్ని సరకులకును ఒకే దృశ్యము తగదు. సారవకోట మండలములోని బుడితి కంచు, ఇత్తడి పాత్రలను ఫొటో తీయబోయినచో పాత్రకంటె ముందు తీయువాని నీడయే అందులో కనబడును. పాత్ర చుట్టును తెల్లని గుడ్డను తెరగా కట్టినచో లోహపు నిజమైన కాంతి నిలుచును. బొబ్బిలి వీణ సంగతి వేరు. గొల్లపల్లి శిల్పులు ఒకే పనసమానును తొలిచి, మైనముపై ఇరువదినాలుగు మెట్లను శ్రుతికి సరిపోవునట్లు నిలిపి చేయు ఆ వాద్యమునకు భౌగోళిక గుర్తింపు సయితము లభించినది. ఉలి పనసచెక్కలోనికి దిగుటయు, పసుపువన్నె పెచ్చులు రాలుటయు చూడదగినవే. కాని వీణకు చివరి సాక్షి చెవి. అట్టి వీడియోమీద సినిమాపాటను పరచి, శ్రుతిచేయుచున్న తంత్రుల నాదమును మూసివేయుట నాకు దుస్సహముగ తోచును. పనివాని ఉలిచప్పుడు, ఆపై మొదటి మీటు: ఈ రెండును చాలును.

దృశ్యముతోపాటు ఒక ధర్మమును గుర్తుంచుకొనవలెను. చరఖా ముందు కూర్చున్న వృద్ధురాలి ముడుతలుపడిన చేతులు ఎందరి మనసులనో కరగించును. ఆ చిత్రముచేత బట్టలు అమ్ముడుపోవును. ఆమెకు ఆ సంగతి తెలియునా? ఆమె సమ్మతించెనా? వడకునందుకు వచ్చు కూలి స్వల్పమే. ఆమె ముఖము తెచ్చిన లాభములో ఆమెకు పాలు లేకపోవుట అన్యాయము. ముందుగ అడిగి, తీసినది ఆమెకు చూపి, తగిన ప్రతిఫలమిచ్చి వాడుకొనుట వర్తకునికి భారము కాదు. అట్లే, సొమ్ము పుచ్చుకొని సరకును పొగడువారు ఆ సంగతిని దాచరాదు. అది ప్రకటనయని స్పష్టముగ తెలుపవలెనని ప్రకటనల ప్రమాణముల మండలి 2021లోను, కేంద్ర ప్రభుత్వము 2023లోను నియమములు చేసినవి. నిజము పెట్టుబడిగా గల పొందూరువంటి ఊరికి ఈ నియమములు మిత్రములే.

ఇందులకు పెద్ద ధనమేమియు అక్కరలేదు. వాట్సాప్ బిజినెస్ 2018నుండి ఉచితముగ లభించుచున్నది. అందు పంచె కొలతను, ధరను, నూలు నెంబరును బొమ్మతో సహా పట్టికగా ఉంచవచ్చును. కావలసినది కొంత ఓపికయు, వస్తువుపై గౌరవమును. శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరము కళాశాలలలో చదువుకొను యువతీయువకులారా! మీ ఫోనులలో ఈ విద్య ఇదివరకే ఉన్నది. ఒక సెలవుదినమున పొందూరు వీధికి వెళ్లి, అనుమతి అడిగి, ఏకునుండి పంచె వరకు గల పనిని చిత్రించి, దాని క్రింద మీ నంబరును కాక నేతపనివారి సంఘపు నంబరును వ్రాయుడు. కొనదలచిన పెద్దలు అమ్మువానిని రెండు కోరుడు: ఖాదీ మార్కును దగ్గరగా చూపు ఫొటో, నూలు వడకుచుండగా తీసిన వీడియో. ఆ రెండును చూచిన పిమ్మటనే సొమ్ము పంపుడు.